కొబ్బరికాయల రాశి మీద ఫ్లెక్సీ: ఒక కేస్ స్టడీ

2024 సంక్రాంతి సెలవులయ్యాక నాని సెంటరుకు రావడం మానేశాడు. మొదటి రెండు రోజులూ నేను పట్టించుకోలేదు. కోనసీమలో కనుమ వెళ్ళాక కూడా వారం దాకా ఎవరూ ఇంటిపట్టున ఉండరు. తీర్థాలు, చుట్టాలు, మిగిలిన పిండివంటలు. మూడో రోజు వాళ్ళ అమ్మమ్మగారికి ఫోన్ చేశాను.

"ఆయ్, బయల్దేరుతున్నాడండి మేడంగారూ. చెరువు గట్టు దాకా బాగానే వస్తున్నాడండి. అక్కడికొచ్చేసరికి ఎనక్కి లాగేసి ఇంటికొచ్చేస్తున్నాడు. దెబ్బేసినా కదలడం లేదండి. గాలేమన్నా సోకిందేమో, తాయెత్తు కట్టిద్దామనుకుంటున్నామండి" అన్నారు.

తాయెత్తు కట్టించారు కూడా. తొమ్మిది రోజులైనా రాలేదు.

నేను భవిత కేంద్రంలో, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే సెంటరులో, ప్రత్యేక ఉపాధ్యాయురాలిని. పద్నాలుగేళ్ళుగా ఇదే పని. ఈ కేసు రాస్తానంటే నాని వాళ్ళ అమ్మగారు, అమ్మమ్మగారు సరేనన్నారు. నాని సరేనన్నాడా అంటే జవాబు అంత తేలిక కాదు, ఈ కేసంతా దాని గురించే. పేరు మార్చాను, ఊరు చెప్పను. గోదావరి వైనతేయ పాయకు దగ్గర్లో ఒక ఊరు అనుకోండి.

పిల్లాడి సంగతి

అప్పటికి నానికి పదహారేళ్ళు. డౌన్ సిండ్రోమ్. వైకల్యం ఎంతో చెప్పే ప్రభుత్వ కాగితం, సదరం సర్టిఫికెట్ ప్రకారం మధ్యస్థ స్థాయి, 75 శాతం. 2016 వికలాంగుల హక్కుల చట్టం వచ్చాక మేము ‘మేధో వైకల్యం’ అని రాస్తున్నాం గానీ, వాళ్ళింట్లో బీరువాలో ఉన్న కాగితం మీద పాత మాటే ఉంది, బుద్ధిమాంద్యం.

కాగితంలో లేనివి కొన్ని చెప్పాలి. కొబ్బరాకు నుంచి ఈనె చీరడంలో నాని వాళ్ళ అమ్మమ్మ కంటే చురుకు. వీధి చివర బండి ఆగితే చూడకుండా చప్పుడు బట్టి ఎవరిదో చెప్పేస్తాడు. రెండు మూడు మాటల వాక్యాలు మాట్లాడతాడు. తన గురించి చెప్పుకోవాల్సి వస్తే ‘నేను’ అనడు, ‘నాని’ అంటాడు.

నాన్న చిన్నప్పుడే పోయారు. అమ్మ ఏడేళ్ళుగా కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. మా వైపు ఇదేం కొత్త సంగతి కాదు, వీధికి ఇద్దరు ముగ్గురుంటారు. రోజూ రాత్రి తొమ్మిదింటికి వీడియో కాల్. నాని ఆ టైముకి తల దువ్వుకుని, పౌడరు రాసుకుని సిద్ధంగా ఉంటాడు. అంటే తెర మీద తను ఎలా కనిపిస్తాడన్నది ఆ పిల్లాడికి ముందు నుంచీ పట్టింపే. ఈ ముక్క నేను మొదట్లోనే గమనించి ఉండాల్సింది.

చెరువు గట్టు

ఒక ప్రవర్తనకు ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది అని చూడటం మా శిక్షణలో మొదటి పాఠం. పదో రోజు పొద్దున్న నేనే వెళ్ళి నానితో కలిసి ఇంటి దగ్గర నుంచి నడిచాను. చెయ్యి పట్టుకోలేదు, రెండడుగులు వెనక నడిచాను.

కాలవ వంతెన దాటాడు. రామాలయం దగ్గర చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకున్నాడు. చెరువు గట్టు మలుపులో ఒక వ్యాపారి కొబ్బరికాయలు రాశి పోసి ఉంచాడు. రాశి మీద మంచుకి తడవకుండా ఒక ఫ్లెక్సీ కప్పి, ఎగరకుండా చుట్టూ ఇటుకలు పెట్టాడు. నాని అక్కడ ఆగిపోయాడు. కుడిచెయ్యి ఎత్తి తన ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి ఆ ఫ్లెక్సీని చూసి, "నాని కాదు" అన్నాడు.

తలకిందులుగా ఉంది కాబట్టి నాకు ఒక క్షణం పట్టింది. ఫ్లెక్సీ మీద ఉన్నది నానీయే. కళ్ళు చికిలించి, నోరు తెరిచి, ముక్కు కారుతూ, ఏడుస్తున్నట్టున్న ముఖం, నిలువెత్తు. దాని మీద ఇటుక. కింద పెద్దక్షరాల్లో ‘మీ చేయూత కోసం ఈ చిన్నారి చూపులు’.

ఆ ఫోటో తీసింది నేను.

2023 డిసెంబరు 3న, అంతర్జాతీయ వికలాంగుల దినోత్సవానికి, దగ్గర్లోని టౌను నుంచి ఒక సేవా సంఘం వాళ్ళు వచ్చి దుప్పట్లు, ట్రైసైకిళ్ళు పంచారు. ముందు రోజు ఒకాయన ఫోన్ చేసి, "ఒక పిల్లాడి ఫోటో పంపండి మేడం, కొంచెం టచింగ్‌గా ఉండేది" అన్నారు. నా ఫోన్‌లో నానివి పద్నాలుగు ఫోటోలున్నాయి. నవ్వుతున్నవి, ఈనెలు చీరుతున్నవి, ఎవరి మీదో అలిగి కూర్చున్నది. మిట్టమధ్యాహ్నం జలుబుతో ఉన్నప్పుడు హాజరు రికార్డు కోసం తీసిన ఫోటో ఏరి పంపాను. ఎందుకు? అది చూస్తే దాతలు కదులుతారని. సంఘం వాళ్ళని అనడానికి నాకేమీ లేదు. వాళ్ళడిగింది నేనిచ్చాను.

మన ఊళ్ళల్లో ఫ్లెక్సీకి రెండో జన్మ ఉంటుంది. కార్యక్రమం అయిపోయాక దాన్నెవరూ పారెయ్యరు. గడ్డిమేటు మీదకో, బాతుల దొడ్డికో, రేకుల సందుకో వెళుతుంది. నాయకుల ముఖాల కింద బాతులు పడుకోవడం మనకి అలవాటే, నవ్వుకుంటాం కూడా. నాయకుడికి ఊళ్ళో ఇంకో యాభై ముఖాలుంటాయి. నానికి ఊరి మొత్తం మీద పెద్ద సైజులో ఉన్న ముఖం అదొక్కటే.

వ్యాపారి మంచాయన. "అయ్యో, నేను చూడనే లేదండి మేడంగారూ" అని అప్పటికప్పుడు ఇటుకలు తీసి ఫ్లెక్సీని తిరగేసి తెల్లవైపు పైకి వచ్చేలా కప్పారు. మర్నాటి నుంచి నాని సెంటరుకు వచ్చేశాడు. మా లెక్కలో కేసు అక్కడితో అయిపోయినట్టే. కారణం దొరికింది, తీసేశాం, ప్రవర్తన మారింది.

ఆ వారంలోనే వాళ్ళ అమ్మ నుంచి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వచ్చింది. కువైట్‌లో మా జిల్లావాళ్ళ గ్రూపులో ఎవరో ఆ డిసెంబరు కార్యక్రమం ఫోటోలు పెట్టారట. "మీరు తీసిందేనంట కదండీ మేడంగారూ. నేను రోజూ రాత్రి చూసే పిల్లాడు ఈడు కాదండి" అని, తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. వెనక ఎవరింట్లోదో మిక్సీ చప్పుడు మాత్రం వినిపించింది.

ముఖం చూసి పెట్టిన పేరు

కేసు అయిపోలేదని నాకు అప్పుడు అర్థమైంది. నాని పేరు మీద ఊళ్ళో తిరుగుతున్న బొమ్మలన్నీ ఒక పుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టాను. మూడు తేలాయి. ఒకటి ఫ్లెక్సీ. రెండోది పెద్దవాళ్ళ నోట్లో ఉన్నది. వాళ్ళు నానిని ‘మా స్వాతిముత్యం’ అంటారు. 1986లో కె. విశ్వనాథ్ తీసిన సినిమాలో కమల్ హాసన్ వేసిన శివయ్య పాత్ర అంతగా మనలో ఇంకిపోయింది, అమాయకుడు ఎవరు కనపడ్డా ఆ పేరే. అది ప్రేమతో అనే మాటే, కాదనను. కానీ శివయ్య సినిమాలో పెళ్ళి చేసుకున్నాడు, పిల్లల్ని పెంచాడు, మనవల్ని చూశాడు. నానిని ఆ పేరుతో పిలిచేవాళ్ళలో ఒక్కరు కూడా వీడికి పెళ్ళి, పని, జీతం అనే ఆలోచన చేయరు. పాత్రలోంచి అమాయకత్వం మాత్రం తీసుకుని మిగతాది వదిలేశారు. మూడోది రీల్, దాని సంగతి తర్వాత చెబుతాను.

డౌన్ సిండ్రోమ్ విషయంలో చూపుతోనే అన్యాయం మొదలైంది. 1866లో జాన్ లాంగ్డన్ డౌన్ అనే ఇంగ్లీషు డాక్టరు ఈ స్థితిని వర్ణిస్తూ, ఆ పిల్లల ముఖాలు మంగోలియా జాతివాళ్ళలా ఉన్నాయని రాశాడు. దాంతో వందేళ్ళ పాటు ఆ పిల్లల్ని ‘మంగోల్’ అన్నారు. 1959లో ఫ్రాన్సులో లెజూన్ అనే డాక్టరు బృందం 21వ క్రోమోజోమ్ మూడు కాపీలుండటమే కారణమని తేల్చింది. మంగోలియా దేశం అభ్యంతరం చెప్పాక 1965లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పేరు వదిలేసింది. కారణం కణంలో ఉంటే పేరు ముఖం చూసి పెట్టారు.

చిత్రకళలో ఇంకా పాత ఉదాహరణ ఉంది. స్పెయిన్ రాజు నాలుగో ఫిలిప్ కొలువులో నవ్వించడానికని ఉంచుకున్న మనుషుల్లో ఒకాయన పేరు హువాన్. అందరూ ‘కలబాసాస్’ అనేవారు, అంటే గుమ్మడి, ఆనప లాంటి కాయలు. మా పక్క కూడా బుర్ర తక్కువ అనడానికి ‘ఆనపకాయ’ అనేవాళ్ళున్నారు, అందుకే చదివినప్పుడు ఉలిక్కిపడ్డాను. 1630ల చివర్లో ఆ కొలువు చిత్రకారుడు వెలాస్కెజ్ అతని బొమ్మ వేశాడు, మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉంది. నేల మీద ముడుచుకుని కూర్చుని ఉంటాడు, మెల్లకన్ను, చిన్న నవ్వు, పక్కన కాయలు. రాజుగారి బొమ్మ వేసిన చెయ్యే ఇదీ వేసింది, అంతే శ్రద్ధగా. ఆ బొమ్మ చూస్తే నాకు జాలీ కలగదు, నవ్వూ రాదు, ఎదురుగా ఒక మనిషి కూర్చున్నట్టుంటుంది. అయినా కాయలు మాత్రం బొమ్మలోంచి పోలేదు. గొప్ప చిత్రకారుడి చేతిలో కూడా ఆ వెక్కిరింత పేరు అలాగే ఉండిపోయింది.

ఇక్కడే ఇంకో తప్పు ఒప్పుకోవాలి. ఆ ఫ్లెక్సీ ఫోటోని పదే పదే చూస్తుంటే, అది ఏడుపు ముఖం కాదని తట్టింది. కళ్ళు చికిలించడం, తల ఒక పక్కకి వంచడం, ఇవి నా మిగతా ఫోటోల్లోనూ ఉన్నాయి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళలో చూపు లోపాలు చాలా ఎక్కువని చదువుకున్నదాన్నే. కంటి పరీక్ష చేయిస్తే పెద్ద నంబరే వచ్చింది. పదహారేళ్ళు కళ్ళజోడు లేకుండా గడిపాడు. అందరూ ఆ ముఖంలో దైన్యం చూశారు, నేను కూడా. ఒక్కరికీ ‘వీడికి సరిగ్గా కనపడటం లేదేమో’ అనిపించలేదు.

ఎంచుకోవడం నేర్పడం

నానికి తన బొమ్మ గురించి ఒక అభిప్రాయం ఉందని గట్టు మీద తేలిపోయింది. దాన్ని చెప్పే దారి మాత్రం లేదు, ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం తప్ప. మేము డబ్బులు లెక్కపెట్టడం నేర్పుతాం, బస్సెక్కడం నేర్పుతాం, బ్రష్ చేసుకోవడం ఎనిమిది మెట్లుగా విడగొట్టి నేర్పుతాం. నీ ఫోటో నీకు నచ్చిందా అని అడగడం, దానికి జవాబు చెప్పడం నేర్పే పాఠం నేను ఎప్పుడూ తయారు చేయలేదు. 2024 జూన్‌లో బడి తెరిచాక మొదలుపెట్టాను.

మొదటి వారం ఘోరంగా నడిచింది. రెండు ఫోటోలు బల్ల మీద పెట్టి ఏది కావాలంటే, పదిసార్లకి తొమ్మిదిసార్లు కుడివైపుది తీసుకున్నాడు. పక్కలు మార్చినా కుడివైపుదే. అది ఇష్టం కాదు, చేతి అలవాటు. "ఇది బాగుందా?" అంటే "బాగుంది". "ఇది బాగోలేదా?" అంటే "బాగోలేదు". ఏ మాటతో అడిగితే అదే మాట తిరిగొస్తుంది. ఎదుటివాళ్ళని సంతోషపెట్టాలని అలవాటైన పిల్లల్లో ఇది మామూలే. ఇలాంటి ‘అవును’ని పట్టుకుని ‘పిల్లాడు ఒప్పుకున్నాడు’ అని రాసుకునే కాగితాలు నేను చాలా చూశాను. నేను రాసినవి కూడా ఉన్నాయి.

అందుకని మాటలు తగ్గించాను. ఫోటోలు పక్కపక్కన కాకుండా పైనా కిందా పెట్టాను. అదే జత వేరే రోజు, వేరే వరసలో మళ్ళీ చూపించాను. మూడు వేర్వేరు రోజుల్లో ఒకే ఫోటో తీస్తేనే దాన్ని ఇష్టం కింద లెక్కవేశాను. అన్నిటికంటే పనికొచ్చింది మూడో కార్డు. తెల్ల అట్ట మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో అడ్డంగా గీత కొట్టాను, ‘ఏదీ వద్దు’ అని. రెండు నెలల దాకా నాని దాన్ని ముట్టుకోలేదు. ఒకరోజు ఫ్లెక్సీ ఫోటో చిన్న ప్రింటు, ఇంకో మసక ఫోటో జతగా పెట్టాను. కార్డు తీసుకుని ఫ్లెక్సీ ఫోటో మీద బోర్లించాడు, దాని మీద అరచేయి వేసి నొక్కి ఉంచాడు. బెల్లు కొట్టేదాకా తీయలేదు.

తర్వాత ఫోన్ తనకే ఇచ్చాను. వాళ్ళ మేనమామ పాత ఫోనొకటి తెచ్చిచ్చాడు. వారం రోజుల్లో నాని తీసినవి చూస్తే బండి చక్రాలు, తిరుగుతున్న ఫ్యాను, అమ్మమ్మ చేతులు, కుక్క తోక, తన పాదాలు. మనుషుల ముఖాలు దాదాపు లేవు. దీని మీద పెద్ద వ్యాఖ్యానం చేయాలని నాకూ ఉంది గానీ, నాని కళ్ళజోడు పెట్టుకుని దగ్గరి వస్తువులు చూడటం అప్పుడే మొదలైందని కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఆ రోజుల్లోనే జూడిత్ స్కాట్ గురించి అమ్మమ్మగారికి చెప్పాను. అమెరికా ఆవిడ, డౌన్ సిండ్రోమ్, చెవులు కూడా వినపడవు. ఏడేళ్ళ వయసులో హోంలో వేస్తే ముప్పై అయిదేళ్ళు అక్కడే ఉంది. కవల తోబుట్టువు బయటికి తెచ్చుకుని, 1987లో ఓక్లాండ్‌లోని క్రియేటివ్ గ్రోత్ అనే ఆర్ట్ సెంటర్‌లో చేర్పించింది. అక్కడ ఆవిడ దొరికిన వస్తువునల్లా తీసుకుని దాని చుట్టూ రంగుదారాలు చుట్టడం మొదలుపెట్టి, లోపలి వస్తువు కనపడకుండా పోయేదాకా చుట్టేది. 2005లో పోయేదాకా అదే పని. ఇప్పుడవి పెద్ద మ్యూజియాల్లో ఉన్నాయి. అమ్మమ్మగారు అంతా విని, "దారం చుట్టడం మావోడికి కూడా వచ్చండి, ప్రభకి" అన్నారు.

కనుమ

2025 కనుమకి వాళ్ళ ఊరి ప్రభ, అంటే తీర్థానికి భుజాల మీద మోసుకెళ్ళే వెదురు కట్టడం, కట్టే చోటికి వెళ్ళాను. కనుమ నాడు ఊళ్ళ ప్రభలన్నీ చేరే జగ్గన్నతోట తీర్థం సంగతి మా వైపు అందరికీ తెలిసిందే. 2023 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో మన శకటంగా వెళ్ళింది కూడా ఆ ప్రభలే. చుట్టుపక్కల చిన్న ఊళ్ళకి కూడా ఎవరి ప్రభ వాళ్ళకి ఉంటుంది. వెదురు బద్దలు విల్లులా వంచి కట్టి, కొత్త బట్టలు, రంగుదారాలు చుడతారు. నాని నేల మీద కూర్చుని, ఎర్రదారం ఉండని రెండు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, బద్ద చుట్టూ దారం సందు లేకుండా చుడుతున్నాడు. ఒక పోగు మీద ఇంకో పోగు ఎక్కితే విప్పి మళ్ళీ చుడుతున్నాడు. కుర్రాళ్ళు తొందర పెడుతున్నారు, "ఒరేయ్ నానీ, తెల్లారిపోద్ది రా." వాడు వినడం లేదు. నేను వెనక నుంచి ఫోటో తీశాను. వంగిన వీపు, చేతులు, ఎర్రదారం, ఎదురుగా సగం కట్టిన ప్రభ. నా జీవితంలో తీసిన మంచి ఫోటో అదే అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటున్నాను.

మార్చి 21 ప్రపంచ డౌన్ సిండ్రోమ్ దినం. 21వ క్రోమోజోమ్ మూడు కాపీలు కాబట్టి మూడో నెల 21. ఈసారి ఫ్లెక్సీ మేమే వేయించుకుందామనుకున్నాం. ఆరు ఫోటోలు ప్రింటు తీయించి, మూడు రోజుల పాటు జతలుగా పెట్టాను. ప్రభ ఫోటో గెలుస్తుందని నాకు ఏ మూలా అనుమానం లేదు.

మొదటి రోజే దాని మీద ఎర్రగీత కార్డు పడింది. రెండో రోజు కూడా. మూడో రోజు ప్రింటు చేతిలోకి తీసుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, వెనక వైపు కూడా చూసి, "నాని ఏడీ?" అన్నాడు.

నిజమే, అందులో నాని ముఖం లేదు. ఫ్లెక్సీ గొడవ తర్వాత నేను భయపడి, మర్యాద అనుకుని, వాడి ముఖాన్ని ఫోటోలోంచే తీసేశాను. వాడు వద్దన్నది ఆ ఒక్క ముఖాన్ని.

మూడు రోజులూ తీసుకున్నది వాళ్ళ మేనమామ తీసిన ఫోటో. బుల్లెట్ మీద కూర్చుని, కళ్ళజోడు తీసేసి మామయ్య కూలింగ్ గ్లాసెస్ పెట్టుకుని, హ్యాండిల్ పట్టుకుని ఉన్నది. కొంచెం నాలుక బయటికి కనిపిస్తుంది. కండరాల పట్టు తక్కువగా ఉండి నోరు చిన్నదిగా ఉండటం వల్ల డౌన్ సిండ్రోమ్‌లో అది ఉండేదే. ఫ్లెక్సీ షాపు కుర్రాడు చూసి, "నాలుక తీసేయమంటారా మేడం, రెండు నిమిషాల పని" అన్నాడు. మంచికే అడిగాడు. రెండు రకాలూ ప్రింటు తీయించి నానికి చూపించాను. నాలుక వంక చూడనే లేదు, బండి నంబరు ప్లేటు తెగిపోకుండా ఉన్నది తీసుకున్నాడు. అది నాలుక ఉన్నదే. కార్యక్రమానికి వచ్చిన ఒక పెద్దాయన ఫ్లెక్సీ చూసి, "ఈ అబ్బాయి ఎవరమ్మా, దాతా?" అని అడిగారు. అమ్మమ్మగారు కార్యక్రమం కాగానే ఫ్లెక్సీని మడతపెట్టి చంకన పెట్టుకుని వెళ్ళిపోయారు.

రీల్

మిగిలింది ఇది, ఇంకా తేలలేదు. బేకరీ దగ్గర కుర్రాళ్ళు నాని చేత డాన్స్ చేయించి, ఒక సినిమా కామెడీ డైలాగు ఆడియో తగిలించి, ‘మా ఊరి హీరో’ అని పెట్టారు. కింద కామెంట్లు నేనిక్కడ రాయలేను.

గోదావరి జిల్లాల్లో వెటకారం లేనిదే పూట గడవదు, అది మా ఉప్పు. ఆ కుర్రాళ్ళని అడిగితే "వాడు మావోడేనండి, సరదాకండి" అన్నారు, అబద్ధం కాదు. వీధిలో వాడి మీద ఎవరన్నా చెయ్యి ఎత్తితే ముందు అడ్డం వెళ్ళేది వీళ్ళే. 2016 చట్టం 92వ సెక్షన్ ప్రకారం వైకల్యం ఉన్న మనిషిని పదిమందిలో కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి అయిదేళ్ళ దాకా జైలు. నేను ఆ దారికి వెళ్ళలేదు. 2024 జులై 8న సుప్రీంకోర్టు, ఒక హిందీ సినిమా మీద వికలాంగుల హక్కుల కార్యకర్త నిపుణ్ మల్హోత్రా వేసిన కేసులో, వైకల్యాన్ని కించపరిచే హాస్యాన్నీ, వైకల్యాన్ని అర్థం చేయించే హాస్యాన్నీ విడదీసి చూడాలని చెప్పింది. వైకల్యం ఉన్నవాళ్ళని అడగకుండా వాళ్ళ గురించి తీయొద్దన్న మాటనూ గుర్తుచేసింది. కుర్రాళ్ళకి ఇది మా భాషలో చెప్పాను. నానితో కలిసి నవ్వుతున్నారా, నానిని చూపించి నవ్వుతున్నారా అని. ఒకడు తల గోక్కుని కామెంట్లు ఆఫ్ చేశాడు. రీల్ మాత్రం తీయలేదు. తీయమని నేనూ గట్టిగా అనలేకపోయాను.

ఎందుకంటే నానికి అదంటే ఇష్టం. పక్కలు మార్చి, రోజులు మార్చి, ఎర్రగీత కార్డు కూడా పక్కనే ఉంచి అన్ని రకాలుగా అడిగాను. అన్నిసార్లూ అదే తీశాడు. అందులో తను బాగా ఎగిరాడు, ముఖం కనపడుతోంది, చుట్టూ స్నేహితులున్నారు. ఆ డైలాగులో ఉన్న వెక్కిరింత వాడికి అందదు. కామెంట్లు చదవలేడు. వాడికి తెలియనిది నాకు తెలుసు కాబట్టి వాడి ఎంపికను కొట్టేయొచ్చా? ఫ్లెక్సీ విషయంలో వాడి మాటే చివరి మాట అన్నదాన్ని ఇక్కడ కాదంటే, మరి ఆ పాఠం దేనికి? వాళ్ళ అమ్మతో మాట్లాడాను. ఆవిడ చాలాసేపు ఆలోచించి, "మీ ఇష్టం అండి" అంది. ఆ జవాబును కూడా ఒప్పుకోలు కింద రాసుకోలేను.

మొన్న మధ్యాహ్నం ఈనెలు చీరడం అయ్యాక నాని నా ఫోన్ చూపించి "నాని డాన్స్" అన్నాడు. పెట్టాను, సౌండ్ తీసేసి. కాసేపు చూసి, ఫోన్ నా చేతిలోంచి తీసుకుని, పక్కనున్న బటన్ వెతికి సౌండ్ పెట్టుకున్నాడు.